శాలువా కింద ప్రాసెసరు

మా ఇంట్లో శాలువా కప్పని వస్తువు లేదు. ఆ శాలువాలన్నీ తాతగారికి సన్మానాల్లో వచ్చినవే. చెరకు రైతుల సభకు అధ్యక్షత వహిస్తే ఒకటి, గ్రంథాలయం తలుపు తీస్తే ఒకటి, ఏమీ చెయ్యకుండా వేదిక మీద కూర్చున్నా ఒకటి. భూములు పోయాయి, బెల్లం వండే తోట పోయింది, మేడలో రోడ్డు వైపు సగం పోయింది. శాలువాలు మాత్రం ఎవరూ అడగలేదు. అందుచేత టీవీ మీద ఒకటి, ఫ్రిజ్ మీద ఒకటి, మిక్సీ మీద ఒకటి ఉంటాయి. వీడియోలు కూర్చడానికి కంప్యూటరు కొన్నప్పుడు, పెట్టెలో ఉన్నవాటిలోకెల్లా మంచిది, జరీ అంచు మెరూన్ శాలువా, దానికి దక్కింది.

వీడియోలు కూర్చడం నా జీవనాధారం. ఇప్పుడు రాస్తున్నాను గాని, ఆ మాట నోటితో అనడానికి నాకు చాలాకాలం పట్టింది. ఇంటి ముందు బోర్డు పెట్టలేదు. పెడితే పని కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది.

పోయిన వేసవిలో మా చోడవరంలోనే ఒక చర్చి స్వర్ణోత్సవానికి చిత్రం తయారుచేసే పని వచ్చింది. పాత ఫొటోలు, క్వయర్ బృందం పాటలు, పెద్దవాళ్ల జ్ఞాపకాలు కలిపి గంటంబావు. సంఘ పెద్దే స్వయంగా వచ్చి అడిగారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు.

“ఆదివారం ఆరాధన అయ్యేక తెర మీద వెయ్యాలి బాబూ. అవదంటే ఇప్పుడే సెప్పీండి, అనకాపల్లి స్టూడియోకి ఇచ్చేస్తాం. తరవాత సెప్తే మేం ఏటి సెయ్యగలం?”

“మా ఇంట్లో అవదన్న మాట లేదండి,” అన్నాను.

నిజానికి ఆ ఏడాది నా గుమ్మం ఎక్కిన మొదటి పెద్ద పని అది. ఆదివారం తెర ఖాళీగా ఉంటే ఆ సంఘమే కాదు, బుచ్చయ్యపేట నుంచి కె.కోటపాడు దాకా ఇంకెవరూ నా దగ్గరికి రారు.

కూర్పు బుధవారానికి అయిపోయింది. మిగిలింది అంతటినీ ఒక్క ఫైలుగా బయటికి తీయడం. పద్నాలుగు గంటలు పడుతుందని తెర మీద చూపించింది. వేసవిలో మా వీధిలో పద్నాలుగు గంటలు కరెంటు ఆగకుండా ఉన్న రోజు నాకు గుర్తు లేదు. నా ఇన్వర్టరు గంటకు మించి మొయ్యదు. ప్రాసెసరును దాని మామూలు వేగం కంటే ఎక్కువగా పరిగెత్తించవచ్చని, దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని చదివి ఉన్నాను. నా ప్రాసెసరు అందుకు వీలిచ్చే రకమే. వివరాల కోసం బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ఆమె దగ్గరికి వెళ్లాను.

ఆమె తండ్రి మా తోటలో బెల్లం వండేటప్పుడు పాకం చూసేవాడు. ఆ కారణంగా ఆమె నన్ను బాబుగారూ అంటుంది. ఆ పిలుపులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో తేల్చుకోవడానికి నేను ఎప్పుడూ ప్రయత్నించలేదు.

“స్పీడు ఒక్కో మెట్టే పెంచండి బాబుగారూ,” అంది, ఎవరిదో లాప్‌టాప్ వెనక మూత విప్పుతూ. “పెంచేక దానికి నిండా పని సెప్పే టెస్టు పెట్టండి. ఆగిపోతే ఓల్టేజి రవ్వంత పెంచండి. ఒకటి పాయింటు రెండుతో మొదలెట్టి ఒకటి పాయింటు మూడు దాటకండి. మీ చిప్పుకి, మీ ఫ్యానుకి అదే హద్దు. వేడి ఎనభై అయిదు డిగ్రీలు దాటితే ఎనక్కి తగ్గిపోవాలి.”

“టెస్టు ఎంతసేపు?”

“మూడు గంటలన్నా ఉండాలి. అదీ మజ్జాన్నం, ఎండ మండిపోతన్నప్పుడు. పొద్దున్న సల్లగా ఉన్నప్పుడు ఏదైనా పాసైపోద్ది. మా నాన్న పాకం సూసినట్టు సూడాలి. ఒక్కపాలి సుక్క నీళ్లలో ఏసి, ఉండ కట్టింది కదాని దింపీసీవోడు కాడు.”

“మీ నాన్న పనితనం నాకు తెలుసులే.”

“మీ నాన్నగారికీ తెలుసు. అయినా మంట ఎగదొయ్యమనీవోరు.”

మా బెల్లం అనకాపల్లి మార్కెట్టులో అందరికంటే ముందు దిగాలని నాన్నగారి పట్టింపు. ముందే దిగేది. నల్లగా దిగేది.

గురువారం పొద్దున్న ఆరింటికి కూర్చున్నాను. మెట్టు మెట్టుగా ఎక్కడం మా వంశంలో లేదు. మూడు పాయింటు ఎనిమిది గిగాహెర్ట్జ్ ఉన్న వేగాన్ని ఒక్కసారే నాలుగు పాయింటు ఎనిమిది చేశాను. కంప్యూటరు ఆన్ కాలేదు. వోల్టేజి ఒకటి పాయింటు నాలుగు చేశాను. అయింది. కేబినెట్ పక్క రేకు విప్పి, కిటికీలు తెరిచి, టెస్టు పెట్టాను. పది నిమిషాలైనా ఒక్క తప్పూ రాలేదు. మా ఇంటి వస్తువును మూడు గంటలు అనుమానించడం మర్యాద కాదనిపించి ఆపేశాను.

అప్పుడే ఫైలు తీయడం మొదలుపెట్టవచ్చు. కాని మా ఊళ్లో ముఖ్య అతిథి లేకుండా మొదలైన పనికి పరువుండదు. పైగా అంత వేగం చేతిలో ఉన్నవాడికి తొందరేమిటి? శనివారం వచ్చి తమ చేత్తో మీట నొక్కవలసిందిగా సంఘ పెద్దను ఫోనులో ఆహ్వానించాను.

ఆయన ఇస్త్రీ చొక్కాతో పదింటికి వచ్చారు. అతిథి ఎదుట తీగలు బయటపెట్టుకున్న కంప్యూటరంటే, బనియనుతో ఎదురెళ్లినట్టే. అందుకని రేకు బిగించి, పైన మెరూన్ శాలువా నిండుగా కప్పి ఉంచాను. వారి విశ్వాసాన్ని గౌరవించి కొబ్బరికాయ మాత్రం మానుకున్నాను. ఆయన కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసి మీట నొక్కారు.

పన్నెండో శాతం దగ్గర కంప్యూటరు బిగుసుకుపోయింది. తెర మీద క్వయర్ అంతా నోళ్లు తెరిచి అలాగే ఉండిపోయారు. ఆపి మళ్లీ పెట్టాను. నాలుగో శాతానికే బిగుసుకుంది. మూడోసారి తెర నల్లబడింది.

“ఏటయింది బాబూ?”

“విశ్రాంతి తీసుకుంటోందండి.”

“మూడోపాలి తీసుకుంటంది.” ఆయన గడియారం చూసుకున్నారు. “నొచ్చుకోకండి. ఇప్పుడిచ్చినా అనకాపల్లోళ్లు రేపటికి ఫొటోలన్నా ఏసి పెడతారు. ఇంకో అరగంట సూస్తాను.”

నేను వరండాలోకి వెళ్లి బస్టాండు దగ్గరి ఆమెకు ఫోన్ చేశాను. ఒకసారి వచ్చి చూస్తే బాగుంటుందన్నాను.

“రమ్మంటన్నారా బాబుగారూ, అడుగుతన్నారా?”

కిటికీలోంచి చూస్తే సంఘ పెద్ద మళ్లీ గడియారం చూసుకుంటున్నారు. “అడుగుతున్నాను,” అన్నాను.

పది నిమిషాల్లో స్కూటీ మీద వచ్చింది. కంప్యూటరును చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇదేటండి, జొరమొచ్చిన మనిషికి గొంగడి కప్పేరు?”

శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, నా కుర్చీలో ఉంచింది. రేకు విప్పితే వేడి మొహాన కొట్టింది.

“ఓల్టేజి ఎంతెట్టేరు?”

“ఒకటి పాయింటు నాలుగు.”

“నేనెంత సెప్పేను?”

“అంతకంటే తక్కువ.”

“టెస్టు?”

“పది నిమిషాలు. పొద్దున్న ఆరింటికి.”

“బళ్లో నాకిలాటోళ్లు శానామంది తగిలేరు,” అన్నారు హెడ్మాస్టరు, ఎవరికీ తగలనట్టు గోడకేసి చూస్తూ.

“ఇలాగే నడిపితే కొన్నాళ్లకి చిప్పే పోద్ది,” అని ఆమె కీబోర్డు నా వైపు తోసింది. “మీరే తగ్గించండి. నేను తగ్గిస్తే రేపు మళ్లీ పెంచీగలరు.”

మా ఇంట్లో ఇదివరకు తగ్గినవన్నీ ఇతరులు తగ్గించినవే. నా చేత్తో తగ్గించడం అదే మొదలు. నాలుగు పాయింటు ఏడు, ఆరు, అయిదు. ప్రతి అంకె దగ్గరా ఆమె ముఖం చూశాను. నాలుగు పాయింటు రెండు దగ్గర, వోల్టేజి ఒకటి పాయింటు రెండు అయిదు దగ్గర తల ఊపింది.

“ఇప్పుడు పన్నెండయింది. మూడు దాకా టెస్టు,” అంది. “పాసైతే పన్నెండున్నర గంటల్లో ఫైలొచ్చేస్తాది. కరెంటు పోతే నా షాపులో ఇన్వర్టరు తెచ్చి పెడతాను.”

సంఘ పెద్ద ఆలోచించారు. జేబులోంచి తీసిన ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నారు. “సరే. పరీక్షంటే ఇన్విజిలేటరు ఉండాలి కదా. నేనిక్కడే కూకుంటాను.”

ఆ మూడు గంటలూ వాళ్లిద్దరూ క్రికెట్ స్కోరు చూసినట్టు వేడి చూశారు. డెబ్బై ఆరు. డెబ్బై తొమ్మిది. రెండింటికి ఎనభై రెండు. నా కుర్చీలో శాలువా ఉంది కనుక నేను నిలబడ్డాను. ఎనభై మూడు దాటలేదు. తప్పు రాలేదు.

మూడింటికి ఆయన రెండోసారి మీట నొక్కారు. ఈసారి ప్రార్థన కొంచెం పొడుగ్గా చేశారు. వోల్టేజితో, వేగంతో నేను చేసిన ఈ సాహసమంతటికీ కలిసొచ్చింది గంటన్నర. గురువారం దేన్నీ ముట్టకుండా మొదలుపెట్టి ఉంటే, కరెంటు పోయి రెండుసార్లు చెడినా శనివారానికి ఫైలు నా చేతిలో ఉండేది. ఆ లెక్క వాళ్లు వేశారో లేదో తెలియదు. నేను వేశాను గాని పైకి అనలేదు.

సాయంత్రం ఒకసారి కరెంటు పోయింది. ఆమె తెచ్చిన ఇన్వర్టరు మోసింది. ఆదివారం చర్చిలో చిత్రం ఆగకుండా ఆడింది. నోళ్లు తెరిచి ఉండిపోయిన క్వయర్ పాట పూర్తిచేసి కూర్చున్నారు. వెనక వరసలో ఇద్దరు నా ఫోను నంబరు రాసుకున్నారు.

తరవాత సంఘ పెద్ద మైకు తీసుకున్నారు. నన్ను వేదిక మీదికి పిలిచారు. నేను భుజాలు సర్దుకుని వెళ్లాను.

“బాబుగారికి శాలువా కప్పుదామనుకున్నాం,” అన్నారు. “గానీ ఆయన దాన్ని తీసుకెళ్లి దేనిమీద కప్పుతారో నేను కళ్లారా సూసేను. అందుకని సంఘం తరఫున టేబిలు ఫ్యాను ఇస్తన్నాం.”

అందరూ నవ్వారు. బస్టాండు దగ్గరి ఆమె కూడా. సన్మానంలో శాలువా కాక ఫ్యాను అందుకున్నవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే. వెన్ను వంచకుండానే అందుకున్నాను.

అది ఇప్పుడు రేకు విప్పిన కేబినెట్ పక్కన రెండో నంబరు మీద తిరుగుతోంది. మూడుకు పెట్టబోయి ఆగాను. ముందు రెండు మీద, మధ్యాహ్నం ఎండలో, మూడు గంటలు చూడాలి.