వీపు లేని గవ్వలు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది వానాకాలంలో నన్ను జనగామ నుంచి మహబూబాబాద్‌కు డిప్యుటేషన్ మీద పంపారు. హోదా టెక్నికల్ అసిస్టెంట్. ఒక చిన్న ప్రదర్శనశాలకు జనం ఇచ్చే పాత వస్తువులను పరీక్షించి స్వీకరణ రిజిస్టరులో ఎక్కించడం పని. బడికి పోకుండా ఇంట్లో నాన్న దగ్గరే చదివి, ప్రైవేటుగా పరీక్షలు రాసిన నాకు ఆ కుర్చీ దక్కడం దైవకృప అనే ఇప్పటికీ అనుకుంటాను.

రిజిస్టరులో 'స్థితి' అని ఒక గడి ఉంటుంది. అందులో 'శిథిలం' అని పడితే ఆ వస్తువు అద్దాల బీరువాలోకి పోదు, తెచ్చినవారికే తిరిగి ఇచ్చేస్తారు.

కురవి దగ్గరి తండా నుంచి ద్వాలి అవ్వ తన తల్లి చేసిన చుట్టకుదురు తెచ్చింది. నీళ్ల బిందె కింద తలమీద పెట్టుకునేది. చుట్టూ గవ్వలు కుట్టి ఉన్నాయి.

గవ్వ అంటే సముద్రపు నత్త పెంకు. మన వైపు కనబడే చిన్న గవ్వల్లో రెండు రకాలు ఎక్కువ. ఒకటి పసుపుపచ్చగా, అంచున బుడిపెలతో ఉంటుంది. రెండోది నున్నగా, కోలగా, వీపు మీద బంగారు రంగు వలయంతో ఉంటుంది. మా పూజపీట మీద వీపు పైకి ఉంచి పెట్టేవి ఆ రెండోవే. అలవాటు కొద్దీ నా కన్ను వీపు కోసమే వెతికింది. కుట్టు వదులైన చోట తిప్పి చూస్తే గవ్వలకు వీపే లేదు, అంతా బొక్క. 'గవ్వలు పగిలినవి, శిథిలం, రకం తెలియదు' అని రాసి, తీసుకుపొమ్మన్నాను.

అవ్వ కదల్లేదు.

"పగిలినయని రాసినవా బిడ్డా? మా అమ్మ బండ మీద రాకి రాకి అరగదీసింది. ఈపుంటే గవ్వ బట్ట మీద కూసుంటదా, దొర్లుతది."

"అన్నిటికీ తీసిందా అవ్వా?"

"అన్నిటికి. నువ్వు ఈపు చూసినవు, నోరు చూడకపోతివి. మనిషినైనా గవ్వనైనా నోరు చూస్తెనే తెలుస్తది. గిది ఇంటికి పోతే మా కోడలు గవ్వలు ఊడదీసి పిల్లలకు పచ్చీసాటకిస్తది. గందుకే తెచ్చిన."

భూతద్దం తీసి మళ్లీ మొదలుపెట్టాను. నోటి వైపు నుంచి చూస్తే ఆకారం కోలగా ఉంది, అంచున బుడిపెలు లేవు. అరగదీసిన బొక్క చుట్టూ నాలుగైదు గవ్వలకు సన్నని బంగారు చార మిగిలి ఉంది. వలయపు గవ్వలే. మా పూజపీట మీదివే.

రిజిస్టరులో రాసినదాన్ని చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం చేయాలి. 'వలయపు గవ్వలు, కుట్టడానికి వీపు అరగదీసినవి. స్థితి బాగు' అని రాశాను. క్యూరేటర్ గారు గీత చూసి ఎవరు చెప్పారని అడిగారు. అవ్వ అన్నాను. ఆయన భూతద్దంలో చూసి, తానూ సంతకం పెట్టారు.

భూపాలపల్లిలో పదవీ విరమణ చేసేదాకా స్థితి గడిని చివరనే నింపాను. వస్తువును వాడిన మనిషి ఎదురుగా ఉంటే, ఆ మనిషిని అడిగిన తరువాతే.