నానక్‌రామ్‌గూడ నుంచి కుక్కకాటు సూదికి

ఈ ప్రయాణం నేను కోరి చేసింది కాదు. మంగళవారం ఉదయం ఆరున్నరకు నానక్‌రామ్‌గూడలో మా హాస్టల్ సందు మలుపు తిరుగుతుంటే, ఒక కుక్క మొరగకుండా వచ్చి పిక్క పట్టుకుంది. నాది కర్నూలు. ఇక్కడ ఐటీ ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు ఇంగ్లిష్ నేర్పుతాను. ఆ రోజు చెప్పాల్సిన పాఠం, నమ్మండి నమ్మకపోండి, ‘బైట్’ గురించే. ‘బైట్ ఆఫ్’ అంటే పంటితో కొరికి తుంచడం. ‘బైట్ బ్యాక్’ అంటే కరిచినదాన్ని తిరిగి కరవడం. నోటిదాకా వచ్చిన మాటను మింగేయడం కూడా. పాఠం మూలన పడేసి, పావుగంట సేపు కుళాయి కింద సబ్బుతో కాలు కడుక్కున్నాను.

హాస్టల్ వంటమనిషి యాదమ్మక్క కాటు మీద అద్దడానికి కారప్పొడి డబ్బా పట్టుకొచ్చింది. వద్దన్నాను. “సూదులెందుకు చెల్లె? మా ఇంటాయనను కుక్క కరిచి నెల దాటె. పసరు తాపిచ్చిన. నలభై దినాల పథ్యం, గంతే,” అంది. అయినా నన్ను ఒంటరిగా పంపలేక పొయ్యి కట్టేసి వెంట వచ్చింది.

ఏడింటికి షేర్ ఆటో ఎక్కాం, మెట్రో దాకా మనిషికి ముప్పై. డ్రైవర్ నా కాలు చూసి, “టవర్లు కట్టిన కూలోళ్లు పోయిన్రు మేడం, వాళ్లు సాదిన కుక్కలు ఈడనే ఉన్నయ్,” అన్నాడు. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, పావు తక్కువ తొమ్మిదికి సర్కారు దవాఖానకు చేరాం. దారంతా పసరు పనిచేయదని చెప్పాలనే అనుకున్నాను. పని మానుకుని వచ్చిన మనిషిని నొప్పించడం ఎందుకని ఊరుకున్నాను.

సూది ఉచితం. డాక్టరమ్మ శుక్రవారం మళ్లీ రమ్మని చీటీ రాస్తూ, “మీ ఇంట్లో ఇంకెవరినైనా కుక్క కరిచిందా అమ్మా?” అని యాదమ్మక్కను అడిగింది.

“మా ఆయనను కరిచింది మేడం. పథ్యం మస్తు గట్టిగ చేస్తుండు. నిన్నటి సంది నీళ్లు గూడ ముడ్తలేడు. గిలాస చూస్తెనే గొంతు పట్టేస్తున్నదంటడు.”

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. “పసరు పోసినాయన నీళ్లు తాగొద్దన్నాడా?”

“లేదు. ఉప్పు, పులుపే...” అంటూ యాదమ్మక్క ఆగిపోయింది.

ఆయనను వెంటనే తీసుకురమ్మని, నీళ్లకు భయపడుతున్నాడంటే రేబిస్ ముదిరినట్టేనని, ఈ దశలో సూది పనిచేయదని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. తిరుగు ప్రయాణం క్యాబ్‌లో. యాదమ్మక్క నా చెయ్యి వదల్లేదు. “ఆయనకు గూడ సూదులు ఇప్పిద్దాం. సరిపోతది గదా చెల్లె?” అంది. ముందు తీసుకొద్దాం అక్కా అన్నాను.

ఆయన గురువారం పోయాడు. శుక్రవారం రెండో సూదికి నేను ఒక్కదాన్నే వెళ్లాను. నేను మంగళవారం ఉదయమే నోరు విప్పినా ఆలస్యమే అయ్యేదని డాక్టరమ్మ అంది. కానీ నెల కిందట ఆయన కాలికి గుడ్డ కట్టుకుని, కుంటుకుంటూ మా హాస్టల్‌కు కూరగాయల సంచి మోసుకొచ్చాడు. నేను గేటు దగ్గరే ఉన్నాను. ఏమైందని అడగబోయి, మనకెందుకులే అని మింగేశాను. నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

మీకు చెప్పేది ఒక్కటే. ఎవరి కాలికైనా కట్టు కనబడితే ఏమైందని అడగండి. కుక్క అంటే, ఆ రోజే వెంటబెట్టుకుని దవాఖానకు బయలుదేరండి.