గోడ పట్టుకున్న పిట్ట

నేను ఉద్యోగానికొచ్చిన ఎడారి దేశంలో, సూర్ అనే ఊరి బస్టాండులో గోడకి మసిరంగు పిట్ట ఒకటి అతుక్కుని ఉంది. రెక్కలు జారేసుకుని, ఎంతకీ కదలదు. దెబ్బ తగిలిందనుకున్నాను. నర్సుని కదా, ఊరుకోలేక బెంచీ మీద చున్నీ పరిచి, దాన్ని గోడ నుంచి తీసి పడుకోబెట్టబోయాను.

పక్కనే కూర్చున్న ఫిలిప్పీన్స్ ఆవిడ గబుక్కున లేచి నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు సిస్టర్," అంది ఇంగ్లీషులో. "దానికేం కాలేదు, అలసిపోయిందంతే. మా దీవి అడవుల్లో ఇలాంటివే ఉంటాయి, ఇంకా చిన్నవి, గుప్పిట్లో పట్టేంత. ఆ కాళ్ళతో కొమ్మ మీద కూర్చోలేవు. ఇలా పట్టుకునే సేద తీరతాయి. కింద పెడితే మళ్ళీ లేవడం కష్టం."

అప్పట్లో రోజూ డ్యూటీ దిగాక బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని. ఉద్యోగం మానేసి ఇంటికి పోదామనే అనుకున్నాను. ఆ మాట ఆవిడతో అనలేదు. ఇద్దరం గోడకేసి చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి పిట్ట గోడ వదిలి ఎగిరిపోయింది. అప్పుడు ఆవిడ నా చెయ్యి వదిలింది.

నేనిక్కడే ఉండిపోయాను. వార్డులో కొత్తగా చేరిన అమ్మాయి ఎవరైనా మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడితే, వచ్చి కూర్చోమని లాగను. పక్కన నిలబడతాను.

మా ఇంటి ప్రార్థనలో ఒక్కొక్కరినీ పేరుపెట్టి తలుచుకోవడం అలవాటు. ఆవిడ పేరు అడగడమే మర్చిపోయాను.

"ప్రభువా, ఆ పిట్టావిడ" అంటాను. ఆయనకి తెలుసులే.