తిండి పడని మూల

మా బావమరిది రాసిన ప్రోగ్రాములతో నడిచే లిఫ్టులు ఈ ఊళ్లో ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఆసుపత్రిలో స్ట్రెచర్ ఎదురుచూస్తుంటే మిగతా అంతస్తుల పిలుపులను పక్కన పెట్టి ముందు అక్కడికే వెళ్లాలని లిఫ్టుకు నేర్పింది అతడే. ఆ పనిలో అతడిని వేలెత్తి చూపినవారు లేరు. అయినా అతడి జీవితం గురించి రాయవలసి వస్తే లిఫ్టుల దగ్గర ఆగిపోవడం న్యాయం కాదు. అతడి మనసంతా వంటింటి వెనక సామాన్ల గదిలో ఉండేది.

ఆ గదిలో పక్క రేకు ఊడదీసిన కంప్యూటరు, దాని మీదికి తిప్పి పెట్టిన టేబుల్ ఫ్యాను, పైన ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన తాడు ఉండేవి. వానాకాలంలో అతడి భార్య తడిబట్టలు ఆ తాడు మీదే ఆరేసేది. కంప్యూటరు వేడికి అవి మధ్యాహ్నానికల్లా ఆరిపోయేవి. దానివల్ల ఇంటికి జరిగిన ఉపకారం అదొక్కటేనని ఆమె అనేది.

తెర మీద ఒక చదునైన లోకం కనిపించేది. అందులో కీళ్లున్న గీతల్లాంటి చిన్న జీవులు. ప్రతి జీవికీ దాని నడకను, చూపును, ఆకలిని నిర్ణయించే అంకెలు కొన్ని ఉంటాయి. తిండి దొరికిన జీవి పిల్లలను పెడుతుంది. ఆ అంకెలే కొద్దిపాటి తేడాలతో పిల్లలకు వస్తాయి. తిండి దొరకనిది పోతుంది. ఏ జీవికీ ఏం చేయాలో అతడు చెప్పకూడదు. అది అతడు పెట్టుకున్న నియమం. లిఫ్టులకు ప్రతిదీ విడమరిచి చెప్పి విసిగిపోయానని, చెప్పకుండానే తెలుసుకునే జీవి ఒక్కటైనా తన చేతుల్లో పుట్టాలని అనేవాడు. ఆలోచించే జీవి అన్నమాట. అంతకన్నా తక్కువకు అతడు ఒప్పుకునేవాడు కాదు.

మొదట్లో ఎక్కువ కాలం బతికినవాటికే పిల్లలు కలిగేలా రాశాడు. కొన్నాళ్లకు అన్నీ కదలడం మానేశాయి.

“కదిలితే ఆకలి ఎక్కువ. కదలకుండా కూర్చుంటే ఎక్కువ కాలం ఉండొచ్చని వాటంతట అవే కనిపెట్టాయి బావగారూ. మా ఆఫీసులో పైవాళ్లకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు,” అన్నాడు నాతో.

ఆ నియమం మార్చాడు. జీవులు కదిలాయి. వాళ్లుండే భవనంలో మిగతావాళ్లు అతడికి పురుగుల మాస్టారని పేరు పెట్టారు. అతడు పట్టించుకోలేదు.

ఆ ఇంటి కరెంటు తీగలు పాతవి. కంప్యూటరూ, నీళ్ల హీటరూ ఒకేసారి నడిస్తే మీటరు దగ్గర కాలిన వాసన వచ్చేది. ఒకసారి పొగే వచ్చింది. అప్పుడు భార్యాభర్తల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. సాయంత్రం ఆమె హీటరు వేసే వేళకు అతడు జీవులన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు దాచి కంప్యూటరు ఆపేయాలి. పొద్దున్నే వాటితోనే మళ్లీ మొదలుపెట్టాలి. జీవుల లోకంలో వెలుతురును కూడా అతడు దానికి తగ్గట్టే అమర్చాడు. కంప్యూటరు వేయగానే అక్కడ తెల్లవారుతుంది, ఆపే వేళకు చీకటి పడుతుంది.

“మీ సంతానాన్ని పడుకోబెట్టండి, నీళ్లు పెట్టాలి,” అని ఆమె వంటింట్లోంచి పిలిచేది. అతడు మారుమాట లేకుండా ఆపేసేవాడు. ఇలా ఏళ్లు గడిచాయి.

అతడి జుట్టు నెరిసిన తరవాత ఒక రోజు నన్ను పిలిపించి తెర ముందు కూర్చోబెట్టాడు. ఆ లోకంలో తిండి ఒకచోట కుప్పగా పడుతుంది, కాసేపటికి మరోచోట పడుతుంది. ఎక్కడ పడాలన్నది కంప్యూటరే గుడ్డిగా ఎంచుకుంటుంది కాబట్టి, ముందుగా తెలుసుకోవడం రాసిన తనకే సాధ్యం కాదన్నాడు. అయినా జీవులు తిండి పడకముందే అక్కడికి చేరుకుంటున్నాయి. ఒకసారి కాదు, నేను చూసినంతసేపూ అదే జరిగింది. తాను గమనించలేని గుర్తులేవో చూసి అవి ఊహిస్తున్నాయని అతడి వాదన. కళ్లతో చూసినదాన్ని నేను కాదనలేను. అయితే చూసింది అతడి ఇంట్లో, అతడి కంప్యూటరులో. సంబంధం లేనివారి చేత పరీక్ష చేయించమన్నాను.

విశ్వవిద్యాలయంలో ఇటువంటి జీవుల మీదే పనిచేసే ప్రయోగశాల ఒకటి ఉంది. అతడు అక్కడికి ఉత్తరం రాశాడు. దాని అధిపతి అయిన ప్రొఫెసరు ఒకావిడ సావధానంగా జవాబిచ్చింది. అతడు చెప్పినది నిలబడితే ప్రయోగశాలలో చోటు ఇస్తానంది. అతడు ఆ మాట పట్టుకుని, పరీక్ష జరగకముందే లిఫ్టుల కంపెనీలో రాజీనామా ఇచ్చేశాడు. ఫలితం రానివ్వమని భార్య బతిమాలింది. వాటిని తాను రోజూ చూస్తున్నానని, ఇక రావలసిన ఫలితం ఏముందని అన్నాడట.

పరీక్ష రోజు నన్నూ వెంట తీసుకువెళ్లాడు. కంప్యూటరు గుడ్డిగా చేసే ఎంపికలు నిజానికి గుడ్డివి కావని, మొదట ఇచ్చిన ఒక అంకె నుంచి లెక్క ప్రకారం పుడతాయని, ఆ అంకె మారితే వరస అంతా మారుతుందని ప్రొఫెసరు నాకు వివరించింది. బయటి నుంచి వచ్చిన ఏ జీవులనైనా తన అంకెతోనే మొదలుపెట్టడం అక్కడి పద్ధతి.

తెర మీద తెల్లవారింది. జీవులన్నీ బారులు తీరి ఎడమ మూలకు నడిచాయి. అతడు నా భుజం మీద చెయ్యి వేశాడు. తిండి కుడివైపు పడింది. ఒక్క జీవీ అటు తిరగలేదు. ఎడమ మూలలోనే గుంపుగా నిలబడ్డాయి. వెలుతురు కొంచెం మారగానే మధ్యకు నడిచి, అక్కడ కూడా ఏమీ లేని చోట నిలబడ్డాయి. వాటి పక్కనే కుప్ప పడి ఉంది. ఆ లోకంలో మధ్యాహ్నం కాకముందే ఒక్కొక్కటే ఆగిపోవడం మొదలైంది. నా భుజం మీది చెయ్యి ఎప్పుడు తీశాడో నేను గమనించలేదు.

“వీటిలో నేనేం మార్చలేదండి. మొదటి అంకె మాత్రం నాది,” అంది ప్రొఫెసరు.

అతడు ఆమె వైపు తిరిగాడు. “నేను మొదట్లో ఒక తప్పు వెతకడానికి అంకె మారకుండా కట్టేశానండి. తప్పు దొరికింది. కట్టు విప్పడం మర్చిపోయాను.”

ప్రోగ్రాములు రాసేవారు అలా చేయడం మామూలేనట. ప్రతిసారీ అదే సంఘటన జరిగితేనే తప్పు పట్టుబడుతుంది. కానీ అతడి కంప్యూటరు రోజూ సాయంత్రం ఆగి, పొద్దున్న అదే అంకెతో మొదలయ్యేది. ఇన్నేళ్లూ ఆ లోకంలో నడిచింది ఒకే ఒక్క రోజు. వెలుతురు ఇంత ఉన్నప్పుడు ఇటు పోవాలన్నది ఆ జీవుల పుట్టుకలోనే ఇంకిపోయింది. చూసి వెళ్లే జీవి ఆలస్యంగా చేరేది, తిండి దక్కక పోయేది. తరతరాలుగా చూపు అక్కరలేకుండా పోయి, చివరికి చూపే పోయింది. పక్కనున్న తిండి వాటికి కనిపించకపోవడానికి కారణం అదే.

విద్యార్థులకు చూపించడానికి ఇది మంచి ఉదాహరణ అవుతుందని, అనుమతిస్తే ఉంచుకుంటానని ఆమె అడిగింది. ఆమె మాటలో ఎగతాళి లేదు. అతడు ఉంచుకోమన్నాడు.

ఇంటికి వచ్చాక అతడి భార్యకు జరిగింది నేనే చెప్పాను. ఆమె చివరిదాకా విని ఒక్కటే అడిగింది.

“అయితే అన్నయ్యగారూ, నేను రోజూ ఆపమనకపోతే ఇలా అయ్యేది కాదా?”

ఉన్నమాటే చెప్పాను. అంకె కట్టేసి ఉన్నా, కంప్యూటరు ఆగకుండా నడిస్తే వరస మళ్లీ మొదటికి వచ్చేది కాదు. కట్టు విప్పి ఉంటే, రోజూ ఆపినా నష్టం లేదు. రెండూ కలిసి చేసిన పని ఇది. కట్టు సంగతి తెలిసింది అతడికి మాత్రమే కాబట్టి ఆమెను తప్పుపట్టడానికి ఆధారం లేదు.

“మీరు చెప్పింది బాగానే ఉంది. ఆయన నోటి నుంచి రావాలి కదా,” అంది.

అతడు అక్కడే నిలబడి ఉన్నాడు. తన సామాన్ల గదిలోకి వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి ఆమె నీళ్లు పొయ్యి మీద కాచడం మొదలుపెట్టింది.

అతడు కట్టు విప్పి జీవులను వదిలాడు. అన్నీ ఆ పూటే పోయాయి. ఇంకా చూపున్న పాత తరాల నుంచి మొదలుపెట్టమన్నాను. రోజూ పాతవాటి మీదే కొత్తవి దాచేవాణ్ణని, పాతవేవీ మిగల్లేదని చెప్పాడు. మళ్లీ మొదటి నుంచి పెంచి చూశాడు. తోచినట్టు తిరిగి, తగిలిన తిండి తినే జీవులు పుట్టాయి. కొన్ని నెలలు గడిచినా అంతకు మించి ఎదగలేదు. మొదటిసారి వాటికి చూపు రావడానికే తన వయసులో సగం పోయిందని, ఇప్పుడు అంత వయసు మిగిలి లేదని అన్నాడు. అందులో అతిశయోక్తి లేదు. కంపెనీలో అతడి కుర్చీలోకి వేరే మనిషి వచ్చేశాడు.

ఈ మధ్య వెళ్లినప్పుడు అతడు గదిలోనే ఉన్నాడు. తెర మీద జీవులు బారులు తీరి ఎడమ మూలకు నడుస్తున్నాయి. కుప్ప సరిగ్గా వాటి ముందు పడింది.

“ప్రొఫెసరు దగ్గరున్నవాటిని తెచ్చుకుని మళ్లీ పాత అంకే పెట్టావా?” అన్నాను.

“పెట్టాను బావగారూ. ఇందులో అయితే బతుకుతాయి.”

“దీనివల్ల నీకు తెలిసేదేముంది?”

“ఏమీ లేదు.”

ఇంకేదైనా పని చూసుకోమని చెబుదామనే వెళ్లాను. తెర మీద వెలుతురు కాస్త పెరిగింది. జీవులు ఇంకా కదలలేదు. అతడి చూపు అప్పటికే తెర మధ్యకు వెళ్లి అక్కడ ఆగింది. నేను చెప్పాలని వచ్చిన మాట చెప్పకుండానే లేచాను.