బాబాయి మెచ్చుకున్న జడ

నా చిన్నప్పుడు నా జడంటే మా నాయనమ్మకు ప్రాణం. అయినా దాన్ని సింగరాయకొండ స్వామికి మొక్కేసింది. పత్తి చేలో గాలికి ఎదురు నిలబడి పురుగుమందు కొట్టిన మా బాబాయి, నురగలు కక్కుతూ పడిపోయాడు. అతను బతికితే నా తలనీలాలు ఇస్తానంది. మొక్కు ఆవిడది, జుట్టు నాది.

బాబాయి బతికి ఇంటికొచ్చాడు, వస్తూనే వేళాకోళాలు మొదలుపెట్టాడు. చూపు మసకేస్తే వెంటనే రమ్మని డాక్టరుగారు చెప్పి పంపారు. ఎవరడిగినా "అంతా కనపడుతోందిగా!" అని నవ్వేవాడు. మళ్ళీ ఆస్పత్రి మొహం చూడనని అతని మొండితనం. కానీ ఒకరోజు మంచినీళ్ళ గ్లాసు కోసం అతని చెయ్యి గాలిలో తడుముకోవడం నాయనమ్మ కంటపడింది.

మొక్కు సంగతి బాబాయికి ఎవరూ చెప్పలేదు. నున్నటి గుండుతో నేను సింగరాయకొండ నుంచి తిరిగొచ్చిన సాయంత్రం, నాయనమ్మ నన్ను అతని మంచం ముందు నిలబెట్టి, అందర్నీ మాట్లాడొద్దని సైగ చేసింది.

"ఏరా, పిల్లకి కనకాంబరాలు పెట్టాను. జడ ఎట్టా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందమ్మా! నడుం దాటిందిగా!"

నేను ఫక్కున నవ్వేశాను. నాయనమ్మ మాత్రం నవ్వలేదు. అతని చెయ్యి పట్టుకుని నా తల మీద పెట్టింది. ఆ చెయ్యి నా గుండు మీద ఒకసారి తిరిగి ఆగిపోయింది.

"ఎవరి కోసమే ఇది?" అన్నాడు.

"నీ కోసమే బాబాయ్."

అంతే, పసిపిల్లాడిలా ఏడ్చాడు. "ఏం కనపట్టం లేదే అమ్మా" అన్నాడు. నా నవ్వు ఎటు పోయిందో, భయమేసింది.

మర్నాడే బ్రాడీపేటలో కంటి డాక్టరుకు చూపించారు. విషం కంటి నరానికి తగిలిందనీ, ఇలా జరగడం అరుదనీ, ఇంకా దాచి ఉంటే చూపు దక్కేది కాదేమోననీ ఆయన అన్నారట. కుడి కన్ను మసకగానే మిగిలింది కానీ, ఎడమ కంటికి చూపు కొద్దికొద్దిగా వచ్చింది. కల్లంలో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో ఒక పొద్దున, "ఒసేయ్, ముళ్ళపందిలా ఉన్నావే!" అని నా తలను చూసి అరిచాడు. అంత కమ్మటి తిట్టు నేను మళ్ళీ వినలేదు. నాయనమ్మ ఆనందం పట్టలేక ఇద్దరికీ దిష్టి తీసింది.

ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా మరీ హుషారుగా "నాకేం, బాగానే ఉన్నా" అంటే, "జడ ఎట్టా ఉంది?" అని అడుగుతాం. ఆ మాట వింటే ఎవరూ దాచుకోలేరు. కిందటి వారం ఫోన్లో నేను అలాగే నవ్వుతూ మాట్లాడుతుంటే, బాబాయి మెల్లగా అదే ప్రశ్న వేశాడు. ఉన్నదంతా చెప్పేశాను.