రూతమ్మ బదులు అవ్వ

1994 వేసవి చివర్లో నన్ను ఉదయగిరి వైపు అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా వేశారు. పైన ప్రాజెక్టు అధికారి, కింద ఊరికొక టీచరు, మధ్యలో బస్సుల్లో తిరిగేది నేను. బడి ఈడు రాకముందే పిల్లలకు ఆటలు, మాటలు, నలుగురితో మెలగడం నేర్పించడం మా పనుల్లో ఒకటి. మీటింగుల్లో మాత్రం పిండి ఎంత వచ్చింది, పిల్లలు ఎంత బరువు పెరిగారు, ఈ రెండే అడిగేవారు. ఒక పిల్ల అసలు నోరు తెరవడం లేదని నేను చెబితే, "తింటా ఉండాది గదా, ఇంకేంది?" అన్నారు మా అధికారి.

ఆ పిల్ల రూతమ్మ. అయిదేళ్లది. తండ్రి చెక్క గరిటెలు చెక్కేవాడు, తల్లి కూలికి పోయేది. పెంపకమంతా అవ్వది. ఇంట్లో మెల్లగా మాట్లాడుతుందని తల్లి చెప్పింది. సెంటరులో మాత్రం గోడకు ఆనుకుని కూర్చునేది. అవ్వ గడప మీద కాపలా. పాట పాడమంటే అవ్వే పాడేది. బొమ్మ చూపించి ఇదేంది అంటే, "కోడి మేడం, దానికి తెలుసు" అని అవ్వే చెప్పేది. ఆమెను ఇంటికి పంపించమని టీచరుకు ఎన్నిసార్లు చెప్పినా, "పెద్దామెను ఎట్లా పొమ్మనేది మేడం?" అని నసిగేది.

ఒకటో తరగతిలో చేర్చడానికి తీసుకుపోతే హెడ్మాస్టరు పిల్లను ఒక్క చూపు చూసి, మందబుద్ధి అన్నాడు. కాదని డాక్టరు రాసిస్తేనే చేర్చుకుంటాడట. తండ్రి అంతకన్నా తొందరగా తేల్చేశాడు: "మేకల కాడ ఉంటాదిలే మేడం." నాకు ఒళ్లు మండింది. ఆ వారంలోనే అవ్వనూ మనవరాలినీ బస్సెక్కించి ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోయాను.

"పేరేంది పాపా?" అన్నాడు డాక్టరు.

"రూతమ్మ సార్," అంది అవ్వ.

"ఏం తిన్నావు?"

"ఇడ్లీ సార్. ఇడ్లీ అంటే పడి చస్తాది."

"నిన్ను కాదమ్మా నేను అడిగేది!"

"దాని సంగతే గదా సార్ నేను చెప్పేది."

డాక్టరు విసిగిపోయి, నెల్లూరు పెద్దాసుపత్రికి రాస్తానని కలం తీశాడు. నెల్లూరికి వీళ్లు పోరని నాకు తెలుసు. అవ్వ చెయ్యి పట్టుకుని, టీ తాగి రమ్మని బయటికి నడిపించి తలుపు వేశాను. "దానికి భయం మేడం!" అని ఆమె అవతలి నుంచి అరుస్తూనే ఉంది.

ఏమీ అడగవద్దని డాక్టరును బతిమాలాను. ఆయన గడియారం చూసుకున్నాడు. పిల్ల తలుపు వైపు చూసింది, ఆయన వైపు చూసింది. చాలాసేపటికి, నేల చూపులు చూస్తూ అంది:

"నాకు ఇడ్లీ వద్దు. దోసె."

"దోసెలోకి ఏం కావాల?" అన్నాడాయన మెల్లగా.

"కారం."

ఇంకాసేపు ఏవేవో అడిగి, తెలివికి లోటు లేదని రాసిచ్చాడు. హెడ్మాస్టరు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తప్పనిసరై చేర్చుకున్నాడు. అవ్వ బడి ఆవరణలోకి రాకూడదని నేను పెట్టిన షరతుకు మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. ఏడాది తిరిగేసరికి రూతమ్మకు ఒక స్నేహితురాలు దొరికింది. గొంతు చిన్నదే అయినా అడిగినదానికి తనే జవాబు చెప్పేది.

బిడ్డ గుణం ఇదీ అని తేల్చేముందు, పక్కన ఎవరు మాట్లాడుతున్నారో చూడాలని అప్పుడు తెలుసుకున్నాను. ఆ తరువాత ఏ సెంటరుకు పోయినా ముందు పెద్దవాళ్లను బయటికి పంపించేదాన్ని. వాళ్లు కిటికీలోంచి జవాబులు చెప్పేవాళ్లు.