అత్త నంబరుతో నడిచిన కోడు

రాసేది పుష్పావతి, తిట్లు తినేది నేను. అనంతపురంలో మా కంపెనీ బోరు మోటార్లకు ఫోన్‌తో నడిచే స్టార్టర్లు చేస్తుంది. మిస్డ్ కాల్ ఇస్తే మోటారు తిరుగుతుంది. బోరులో నీళ్లు అయిపోతే మోటారు ఆగి, స్టార్టరే మనకు ఫోన్ చేసి చెబుతుంది. స్టార్టరు బిగించే మెకానిక్కులు అందులోకి ఎక్కించుకోవాల్సిన కోడును వెబ్‌సైటులో నమూనాగా రాసిపెట్టడం పుష్పావతి పని. అది నడవలేదని వాళ్లు చేసే ఫోన్లు ఎత్తడం నా పని.

ఆమె మొదట రాసిన నమూనా చూస్తే ఒళ్లు మండేది. సగం ముక్క ఒక పేజీలో, మిగతా సగం ఇంకెక్కడో. నంబరు ఉండాల్సిన చోట ‘మీ నంబరు’ అని రాసింది. మెకానిక్కులు దాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి అతికించేవాళ్లు. ‘మీ నంబరు’కు ఫోన్ చేయడం ఏ స్టార్టరుకైనా వస్తుందా? "ఏమప్పా తిప్పేషా, మీ కోడు యాడ నడుస్తాండాది?" అని అందరూ నా మీద పడేవాళ్లు.

ఈ సీజన్లో కూడా ఫోన్లు ఇట్లాగే మోగితే రాత పని ఆపేసి వీడియోలు తీయిస్తానని, అప్పుడు ఆమె వేరే ఉద్యోగం చూసుకోవాల్సిందేనని ఓనరు రాజేంద్ర చెప్పేశాడు. పుష్పావతి కళ్లు తుడుచుకుని మళ్లీ రాసింది. ఈసారి అంతా ఒకటే ముక్క. అతికిస్తే చాలు, నడవాలి. రైతు నంబరును కోడే అడిగి తీసుకుంటుంది. ఇంట్లోవాళ్ల కోసం ఉన్న రెండో నంబరు చోట మాత్రం ఉదాహరణకు ఒకటి నింపింది. ఆమె నోటికి వచ్చిన నంబరు అత్త కదిరమ్మది ఒక్కటే. మెకానిక్కులు మార్చుకుంటారులే అనుకుంది. నడిచేదాన్ని మెకానిక్కు ముట్టుకుంటాడా, పిచ్చితల్లి!

నా ఫోన్ మూగబోయింది. రాజేంద్ర మురిసిపోయాడు. నేను మధ్యాహ్నం కునుకు కూడా మొదలుపెట్టాను.

బత్తలపల్లెలో కదిరమ్మ ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది. ఎత్తితే కోడలి గొంతు: "బోరులో నీళ్లు లేవు. మోటారు ఆగింది." వెంటనే కట్. స్టార్టరులో పెట్టే రికార్డింగుకు ఎవరూ దొరక్క పుష్పావతే చదివిన మాటలవి. కదిరమ్మకు అదెట్లా తెలుస్తుంది? పైగా వాళ్ల పొలంలో నీళ్లు పడని బోరుకు, ఇక్కడే తవ్వాలని పట్టుబట్టి పాయింటు చూపించింది కదిరమ్మే. కోడలు ఆఫీసులో కూర్చుని దెప్పిపొడుస్తోందని ఆమె అభిమానం దెబ్బతింది. ఎదురుగా అడిగితే చులకనైపోతానని ఇంట్లో మాట్లాడ్డం మానేసి గిన్నెలు ఎత్తెత్తి వేసేది. పులుసులో ఉప్పెక్కువైందేమోనని పుష్పావతి బెంగ.

ఫోన్లో అయితే నాలుగు మాటలు అడగొచ్చని కదిరమ్మ వచ్చిన కాల్‌కల్లా తిరిగి చేసేది. గొంతు తెలిశాక నంబరు ఎవరు చూస్తారు? అక్కడ ఉన్నది స్టార్టరాయె. ఇంట్లోవాళ్ల కాల్ వచ్చిందని మోటారు తిప్పేది. నీళ్లు లేక మోటారు ఆగేది. ఆగిందని మళ్లీ కదిరమ్మకు ఫోన్ చేసేది.

చిలమత్తూరు రైతు జమాల్ బాషా స్టార్టరు ఊడదీసుకుని ఆఫీసుకే వచ్చాడు. "అన్నా, మా మోటారుకు దయ్యం పట్టుండాది. ఎవరూ ముట్టుకోకుండానే తిరుగుతాది, ఆగుతాది, మళ్లా తిరుగుతాది. కాలిపోతే ఎవరు దిక్కు?"

తెరిచి చూస్తే అందులో ఎవరిదో రెండో నంబరు ఉంది. స్పీకరు పెట్టి దానికి ఫోన్ చేశాను.

"మళ్లా చేసినావా? నేను చూపిచ్చిన పాయింట్లో నీళ్లు పడకుంటే నా తప్పా?" అని ఒక ఆడగొంతు విరుచుకుపడింది.

పుష్పావతి ఆ గొంతు గుర్తుపట్టింది. "మా అత్త," అంది.

నేను కదిరమ్మకు సంగతంతా విడమరిచి చెప్పాను. అంతా విన్న రాజేంద్ర తన గదిలోంచి వచ్చి పుష్పావతి వైపు తిరిగాడు. "ఒక నమూనా సక్రమంగా రాయలేవు. రేపట్నుంచి రావద్దు."

"ఎవరప్పా అది, రావద్దంటాండేది?" అని ఫోన్లోంచి కదిరమ్మ లేచింది. "నా కోడలు రాసింది నడవకుంటే నాకు ఒక్క ఫోనన్నా వచ్చునా? ఇన్ని బోర్లు నాకే చేస్తాండాయంటే, అందరికీ నడిచినట్టే గదా!"

జమాల్ బాషా పగలబడి నవ్వాడు. "నిజమే సార్. మా మెకానిక్కు ఒకేసారి అతికించినాడు, నడిచింది."

రాజేంద్ర స్టార్టరును పుష్పావతి ముందుకు తోశాడు. "ముందు ఆ నంబరు తీసెయ్. రేపు వచ్చి మిగతా నమూనాలూ ఇట్లాగే రాయి, అత్త లేకుండా," అని తన గదిలోకి పోయాడు. బిగించినవాటిలో నంబరు మార్చమని మెకానిక్కులందరికీ చెప్పే పని నా నెత్తిన పడింది.

పుష్పావతి ఫోన్ దగ్గరికి వంగి, "అత్తా..." అని ఏడ్చేసింది.

"ఏడ్వొద్దే. నిన్ను తిట్టేదానికి నేనుండా. వాడెవడు?" అంది కదిరమ్మ.

ఫోన్ ఇంకా స్పీకరు మీదే ఉంది, రాజేంద్ర గది తలుపు తెరిచే ఉంది.